డెల్టాలో పుట్టి డెల్టాలో నడవని పంథా: దిగువ కృష్ణా ప్రాంత కమ్యూనిస్టు రాజకీయాల్లో చైనా (1948–1980)

ప్రస్తావన

భారత విప్లవం చైనా మార్గాన్ని అనుసరించాలన్న ప్రతిపాదన కమ్యూనిస్టు పార్టీ పత్రాల్లో తొలిసారి 1948లో ఆంధ్ర కమిటీ నుంచి వెలువడింది. ఆనాటి ఆంధ్ర కమిటీకి ప్రధాన బలం కృష్ణా జిల్లాలో ఉండేది. బందరు, గుడివాడ, దివి తాలూకాల పల్లెల్లో పార్టీకి ఉన్న పునాది మద్రాసు రాష్ట్రంలోని మరే ప్రాంతంతో పోల్చినా తక్కువైనది కాదు. ఆ పునాదిపై నిలిచి మాట్లాడిన నాయకులు చైనాను ఎలా అర్థం చేసుకున్నారు, ఆ అవగాహన కాలక్రమంలో ఎందుకు మారింది అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చరిత్రలో రెండు జీవితాలు ఎదురెదురుగా నిలుస్తాయి. దివి తాలూకా మంగళాపురంలో 1914లో జన్మించిన చండ్ర రాజేశ్వరరావు 1950లో చైనా మార్గ ప్రతినిధిగా భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1964 చీలిక తరువాత ఆయనే మళ్లీ ప్రధాన కార్యదర్శిగా ఎన్నికై, చైనా వైఖరిని తీవ్రంగా విమర్శించిన పక్షానికి పాతికేళ్లు నాయకత్వం వహించారు. గుడివాడ ప్రాంతపు జొన్నపాడులో పెరిగిన కొండపల్లి సీతారామయ్య అదే జిల్లా పార్టీలో పనిచేసి, 1980లో మావో బోధించిన దీర్ఘకాల ప్రజాయుద్ధం పేరుతోనే ఒక పార్టీని స్థాపించారు. ఒకే జిల్లా, ఒకే పార్టీ, ఒకే తొలి పాఠం ఈ రెండు ధ్రువాలకు ఎలా దారితీశాయి?

దీనిని సైద్ధాంతిక విభేదంగా వివరించడం చరిత్రకారులకు పరిపాటి. ఆ వివరణ తప్పు కాకపోయినా చాలదు. చైనా అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు విషయాలు చర్చకు వచ్చాయి. ఒకటి రైతాంగ విప్లవానికి నమూనాగా నిలిచిన చైనా. రెండోది తన సరిహద్దులు, తన పొరుగు దేశాలు, తన అవసరాలు కలిగిన రాజ్యంగా చైనా. మొదటిది డెల్టా పల్లెల వర్గ సంబంధాలను చదవడానికి పనికివచ్చింది. రెండోది ఆ చదువును పదే పదే తలకిందులు చేసింది. ఈ రెండింటి నడుమ కీలుగా నిలిచిన భావన ‘వెన్నుదన్ను’. పోరాడేవాడి వెనుక ఏ పొరుగు ఉన్నది అన్న ప్రశ్నే మూడు దశాబ్దాల చర్చకు లోపలి సూత్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

డెల్టా భూమి, డెల్టా సమాజం

బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల కింద మాగాణి విస్తరించింది. ధాన్యం సరుకైంది. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు 1908లో రైలు వచ్చింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి శాఖ పడింది. బందరు జిల్లా కేంద్రంగా కలెక్టరు కచేరీకి, కోర్టులకు నిలయమైంది. నది పులిగడ్డ దగ్గర రెండు పాయలై సముద్రంలో కలిసే చోట దివిసీమ ఉంది. అంటే ఈ ప్రాంతం అడవులు, కొండలు లేని బయలు నేల. పంటను బజారుకు చేర్చిన కాలువ గట్లు, రోడ్లు, రైలు మార్గాలే అవసరమైనప్పుడు పోలీసు బలగాలను గ్రామాలకు చేర్చాయి. ఈ భౌగోళిక వాస్తవం తరువాతి చర్చలో కీలకమవుతుంది.

భూసంబంధాలు ఇక్కడ ఒకే రకంగా లేవు. చల్లపల్లి వంటి జమీందారీ ఒకవైపు, రైతువారీ గ్రామాలు మరోవైపు ఉండేవి. జమీందారీ గ్రామాల్లో రైతు, కౌలుదారు, కూలీ కలిసి జమీందారుకు ఎదురు నిలవగలిగారు. రైతువారీ గ్రామాల్లో ఆ పొత్తు అంత తేలిక కాదు. అక్కడ కూలి రేటు అడిగేవాడు పాలేరు, ఇవ్వవలసినవాడు రైతు. పాలేళ్లు, కూలీలు అధికంగా మాల, మాదిగ కులాలవారు. పార్టీ నాయకత్వంలో అధికులు భూమి గల రైతు కుటుంబాల నుంచి, ముఖ్యంగా కమ్మ కులం నుంచి వచ్చినవారు. అమెరికన్ పరిశీలకుడు సెలిగ్ హారిసన్ 1956లో ప్రచురించిన వ్యాసంలో ఆంధ్ర కమ్యూనిస్టుల బలాన్ని ఈ కులబంధంతో ముడిపెట్టి వివరించాడు. ఆయన వివరణ కులాన్ని గుర్తించింది గాని, అదే పార్టీ వ్యవసాయ కూలీ సంఘాలను కూడా నిర్మించి రైతు ఇళ్లలోనే తగవు తెచ్చుకున్న సంగతికి తగిన స్థానం ఇవ్వలేదు. ధనిక రైతు మిత్రుడా, శత్రువా అన్నది డెల్టా కార్యకర్తకు గ్రంథస్థ సమస్య కాదు. అనేక సందర్భాల్లో అది అతని తండ్రితో, మేనమామతో తేల్చుకోవలసిన సమస్య.

1948: పుస్తకంలోని చైనా

1948 ఫిబ్రవరి–మార్చి నెలల్లో కలకత్తాలో జరిగిన రెండో మహాసభ బి.టి. రణదివేను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది. పట్టణ కార్మిక సమ్మెలు, సార్వత్రిక తిరుగుబాటు, ధనిక రైతుతో సహా బూర్జువా వర్గమంతటిపై పోరాటం అన్నవి కొత్త నాయకత్వపు విధానం. కొద్ది నెలల్లోనే ఆంధ్ర కార్యదర్శివర్గం దీనితో విభేదిస్తూ కేంద్ర నాయకత్వానికి ఒక పత్రం పంపింది. చరిత్రలో అది ‘ఆంధ్ర లేఖ’గా ప్రసిద్ధమైంది. భారత విప్లవం రష్యా విప్లవాన్ని కాక చైనా విప్లవాన్ని పోలి ఉంటుందని, అది వ్యవసాయ విప్లవ రూపంలో దీర్ఘకాలం సాగుతుందని, మధ్యతరగతి రైతు స్థిరమైన మిత్రుడని, ధనిక రైతును తటస్థం చేయవచ్చునని, భూస్వామ్యం బలంగా ఉన్న తెలంగాణ వంటి చోట్ల ఆ వర్గంలోని కొన్ని భాగాలను పోరాటంలోకి కూడా తేవచ్చునని ఆ లేఖ సారాంశం. దీనికి ఆధారం 1940లో మావో రచించిన ‘నూతన ప్రజాస్వామ్యం’.

ఇక్కడ కాలక్రమాన్ని జాగ్రత్తగా గమనించాలి. చైనా ప్రజా రిపబ్లిక్ ఏర్పడింది 1949 అక్టోబరు 1న. ఆంధ్ర లేఖ వెలువడేనాటికి చైనాలో అంతర్యుద్ధం ముగియలేదు. పెకింగ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం లేదు. కనుక లేఖ రచయితలు ఒక విజేత రాజ్యాన్ని అనుకరించలేదు. వారు ఒక పుస్తకాన్ని చదివి, అందులోని వర్గ విశ్లేషణ తమ పల్లెలకు సరిపోతుందని నిర్ణయించుకున్నారు. కూలీ, పేద రైతు, మధ్య రైతు, ధనిక రైతు అన్న శ్రేణులను విడదీసి చూడగలిగే పద్ధతి వారికి రష్యా అనుభవంలో కంటే చైనా అనుభవంలో స్పష్టంగా కనిపించింది. రణదివే వర్గం దీనిని ధనిక రైతు పక్షపాతంగా తప్పుపట్టింది. 1949 జులైలో రణదివే ఏకంగా మావో సిద్ధాంతాన్నే పేరుపెట్టి విమర్శించాడు. ఆ విమర్శలో అతిశయం ఉన్నా, డెల్టా నాయకత్వపు సామాజిక స్థానాన్ని గురించిన అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. ధనిక రైతును తటస్థం చేసే విధానం నాయకత్వపు బంధువర్గానికి అనుకూలంగా ఉండడం యాదృచ్ఛికమా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయితే జమీందారుకు, నిజాముకు వ్యతిరేకంగా రైతాంగాన్ని విశాలంగా కూడగట్టాలంటే అంతకు మించిన పొత్తు ఆనాడు మరొకటి లేదన్నదీ అంతే నిజం.

తెలంగాణకు వెన్నుదన్నుగా కృష్ణా జిల్లా

ఆంధ్ర లేఖకు పుస్తకంతో పాటు మరొక ఆధారం ఉంది. అది తెలంగాణ సాయుధ పోరాటం. నైజాం సరిహద్దుకు ఈవలి ఒడ్డున కృష్ణా జిల్లా ఉంది. నైజాం భూభాగం మధ్యలోనే ఉన్న మునగాల పరగణా పాలనరీత్యా కృష్ణా జిల్లాకు చెందింది. నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో పోరాడినవారికి ఆశ్రయం, నిధులు, శిక్షణ, అచ్చు సౌకర్యం ఇటువైపు నుంచి అందాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట గ్రంథం ఈ అండ విస్తృతిని వివరంగా నమోదు చేసింది. నిజాముకు ప్రత్యర్థిగా ఉన్నంతకాలం మద్రాసు ప్రాంతం పోరాటకారులకు స్నేహపూర్వకమైన పొరుగు. చైనా పుస్తకాల్లో చదివిన స్థావర ప్రాంతం, వెన్నుదన్ను అన్న భావనలు ఈ విధంగా డెల్టా కార్యకర్తలకు స్వానుభవమయ్యాయి.

1948లో ఈ స్థితి రెండు దశల్లో కూలిపోయింది. మొదట మద్రాసు ప్రభుత్వం కృష్ణా జిల్లా కమ్యూనిస్టులపై నిర్బంధాన్ని ప్రయోగించింది. తరువాత సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు ప్రవేశించడంతో సరిహద్దే లేకుండా పోయింది. రెండు వైపులా ఒకే రాజ్యం నిలిచింది. డెల్టా పల్లెలు మలబారు స్పెషల్ పోలీసుల దాడులకు గురయ్యాయి. కాటూరు, ఎలమర్రు గ్రామాల ప్రజలను వివస్త్రలను చేసి నడిపించిన ఘటన ఆ కాలపు నిర్బంధానికి మాయని గుర్తుగా మిగిలింది. అదే సంవత్సరం డిసెంబరులో జైపూరు కాంగ్రెస్ మహాసభకు బందరు వాస్తవ్యుడైన భోగరాజు పట్టాభి సీతారామయ్య అధ్యక్షత వహించారు. పాలక పక్షానికి అధ్యక్షుణ్ణి, చైనా పంథాకు ప్రతినిధిని ఒకే డెల్టా ఏకకాలంలో అందించింది. పోరాటం నాగరిక నేల నుంచి అడవుల్లోకి, గోదావరి తీరానికి, నల్లమలకు తరలవలసి వచ్చింది. చైనా పంథా డెల్టా నుంచి బయటికి నడిచిన తొలి సందర్భం ఇది.

1951: మాస్కోలో పొరుగు ప్రశ్న

1950 జనవరిలో కామిన్‌ఫారం పత్రిక సంపాదకీయం వలస దేశాలకు చైనా అనుభవం మార్గదర్శకమని పేర్కొనడంతో రణదివే నాయకత్వం నిలవలేకపోయింది. ఆ ఏడాది మధ్యలో రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. దివి తాలూకా రైతుబిడ్డ దేశవ్యాప్త పార్టీని చైనా పంథాన నడిపే బాధ్యత స్వీకరించాడు. కాని అప్పటికే చైనా పుస్తకం స్థితిని దాటి రాజ్యమైంది. 1949 అక్టోబరులో భారత కమ్యూనిస్టు పార్టీకి పంపిన సందేశంలో మావో భారతదేశం కూడా త్వరలో సామ్రాజ్యవాదం నుంచి విముక్తి పొందగలదన్న ఆశ వెలిబుచ్చాడు. ఆ డిసెంబరులోనే నెహ్రూ ప్రభుత్వం కొత్త చైనాను గుర్తించింది. 1950 ఏప్రిల్‌లో రెండు ప్రభుత్వాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. చైనా పేరుతో ఎవరిపై పోరాటం సాగుతున్నదో ఆ ప్రభుత్వానికే చైనా స్నేహహస్తం చాచింది. రాజ్యాల మర్యాదలో ఇది సహజమే. డెల్టా జైళ్లలో, అజ్ఞాత స్థావరాల్లో ఉన్న కార్యకర్తకు మాత్రం ఇది జీర్ణించుకోవలసిన విషయం.

పార్టీలోని అంతఃకలహాలను తేల్చుకోవడానికి 1951 ఆరంభంలో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లారు. అజయ్ ఘోష్, ఎస్.ఎ. డాంగే ఒక దృక్పథానికి ప్రతినిధులు కాగా, రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య ఆంధ్ర దృక్పథానికి ప్రతినిధులు. బసవపున్నయ్య స్వస్థలం రేపల్లె తాలూకా. కృష్ణకు ఈ ఒడ్డున దివి, ఆ ఒడ్డున రేపల్లె. ఒకే నది ముఖద్వారానికి చెందిన ఇద్దరు స్టాలిన్ ఎదుట చైనా పంథాను సమర్థించవలసి వచ్చింది.

1951 ఫిబ్రవరి 9 నాటి సంభాషణ నమోదు సోవియట్ పత్రాగారాలు తెరుచుకున్నాక వెలుగులోకి వచ్చింది. చైనా మార్గాన్ని యథాతథంగా భారతదేశానికి వర్తింపజేయడాన్ని స్టాలిన్ అంగీకరించలేదు. ఆయన కారణాల్లో రెండు ఈ వ్యాసానికి ముఖ్యం. చైనా విప్లవ సైన్యం చుట్టుముట్టబడి ఎంతో నష్టపోయిందని, మంచూరియా చేరి సోవియట్ యూనియన్‌ను వెనుక పెట్టుకున్న తరువాతనే దానికి స్థిరమైన వెన్నుదన్ను లభించిందని, భారతదేశానికి అలాంటి మిత్ర రాజ్యం పొరుగున లేదని మొదటి కారణం. చైనాతో పోలిస్తే భారతదేశంలో రైలు మార్గాలు విస్తారంగా ఉన్నందున గెరిల్లా ప్రాంతాలను ప్రభుత్వం సులభంగా చుట్టుముట్టగలదని రెండోది. ఈ రెండు మాటల్లో సిద్ధాంతం కన్నా భూగోళం ఎక్కువ. గుడివాడ జంక్షన్‌ను, దివి లంకలను ఎరిగినవారికి రెండో కారణం వివరించి చెప్పనక్కరలేదు. 1948లో సరిహద్దు చెరిగిపోయినప్పుడే మొదటి కారణమూ వారికి అనుభవమై ఉంది.

ఆ సంవత్సరమే రూపొందిన ఎత్తుగడల పత్రం రష్యా మార్గం, చైనా మార్గం అన్న రెండు నమూనాలనూ తిరస్కరించి భారతీయ పరిస్థితుల నుంచి బయలుదేరాలని చెప్పింది. ప్రధాన కార్యదర్శి బాధ్యత అజయ్ ఘోష్‌కు మారింది. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. కొద్ది నెలల్లోనే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో బందరు లోక్‌సభ స్థానం నుంచి సనకా బుచ్చికోటయ్య, గుడివాడ నుంచి కడియాల గోపాలరావు కమ్యూనిస్టు అభ్యర్థులుగా గెలిచారు. ఆంధ్ర ప్రాంతపు 140 శాసనసభ స్థానాల్లో 41 పార్టీకి దక్కాయి. తుపాకీ దింపిన తరువాత డెల్టా ఇచ్చిన తీర్పు అది. నిర్బంధ కాలపు త్యాగాలకు ప్రజల గుర్తింపు అందులో ఉంది. చైనా పంథా పట్ల ఆమోదం అందులో ఉందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

1955: పంచశీల నీడలో ఎన్నికలు

1954 ఏప్రిల్ 29న భారత్–చైనా ఒప్పందం ద్వారా పంచశీల సూత్రాలు ప్రకటితమయ్యాయి. జూన్‌లో చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చాడు. అక్టోబరులో నెహ్రూ పెకింగ్ వెళ్లాడు. సరిగ్గా ఈ వాతావరణంలోనే 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టులు అధికారానికి వస్తారన్న అంచనా బలంగా ఉండేది. జనవరి 26న మాస్కో పత్రిక ‘ప్రావ్దా’ నెహ్రూ విదేశాంగ విధానాన్ని ప్రశంసిస్తూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దానిని పునర్ముద్రించి ఆంధ్రలో పంచింది. మాస్కో, పెకింగ్ మెచ్చిన నెహ్రూను ఇక్కడి కమ్యూనిస్టులు ఎందుకు తిడుతున్నారన్న ప్రశ్నకు డెల్టా వేదికలపై జవాబు చెప్పడం కష్టమైంది.

196 స్థానాల సభలో పార్టీకి 15 మాత్రమే వచ్చాయి. ఓట్లు దాదాపు 31 శాతం. ఇంత ఓటు ఉండి ఇన్ని తక్కువ స్థానాలు రావడానికి మొదటి కారణం ప్రత్యర్థులంతా ఐక్య కాంగ్రెస్‌గా ఏకం కావడం. భూపంపిణీ వాగ్దానం ధనిక, మధ్య రైతుల్లో కలిగించిన భయం రెండోది. విదేశీ సంపాదకీయం ఒక్కటే ఓడించిందనడం అతిశయోక్తి. అయితే మిత్రులనుకున్న రాజ్యాలు తమ దౌత్య అవసరం కోసం స్థానిక పార్టీని ఇబ్బందిలో పెట్టగలవన్న పాఠం ఆ ఎన్నికల్లో స్పష్టమైంది. 1951లో వెన్నుదన్ను లేకపోవడం సమస్య అయితే, 1955లో వెన్నుదన్ను ప్రత్యర్థి వెనుక నిలవడం సమస్య అయింది. గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య ప్రతిపక్ష నాయకుడుగా శాసనసభలో ప్రవేశించారు. 1957లో బందరు లోక్‌సభ స్థానం దివిసీమకు చెందిన కాంగ్రెస్ నాయకుడు మండలి వెంకటకృష్ణారావుకు దక్కింది.

1962–1964: శత్రువైన పొరుగు

1959లో దలైలామా భారతదేశానికి రావడం, అదే ఏడాది సరిహద్దు ఘర్షణలు, 1960లో చైనా నుంచి సోవియట్ నిపుణుల ఉపసంహరణ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. చైనాకు భారత్‌తోనే కాక సోవియట్ యూనియన్‌తోనూ పొరుగు తగవు మొదలైంది. 1962 అక్టోబరు 20న చైనా సైన్యం హిమాలయ సరిహద్దుల్లో దాడి చేసింది. నవంబరు 1న కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి చైనా చర్యను దురాక్రమణగా ఖండిస్తూ తీర్మానించింది. ఆ తీర్మానంతో విభేదించినవారిని, విభేదించారని అనుమానం ఉన్నవారిని ప్రభుత్వం భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధించింది. నవంబరు 21న చైనా ఏకపక్షంగా కాల్పులు విరమించింది. పార్టీలో తగవు మాత్రం విరమణ ఎరుగలేదు.

1964 ఏప్రిల్ 11న 32 మంది జాతీయ సమితి నుంచి బయటికి నడిచారు. జులైలో వారి సమావేశం కృష్ణకు ఆవలి డెల్టాలోని తెనాలిలో జరిగింది. అక్కడ మావో చిత్రపటాన్ని పెద్దగా ప్రదర్శించడం దేశమంతటా వార్త అయింది. అక్టోబరు 31 నుంచి కలకత్తాలో జరిగిన మహాసభ సుందరయ్యను మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది. డిసెంబరులో బొంబాయి మహాసభ రాజేశ్వరరావును భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది. ఒకప్పుడు ఆంధ్ర కమిటీలో కలిసి పనిచేసినవారు రెండు అఖిల భారత పార్టీలకు అధినేతలయ్యారు. డిసెంబరు చివర మార్క్సిస్టు నాయకులను ‘చైనా అనుకూలుర’న్న ముద్రతో మళ్లీ జైళ్లలో పెట్టారు.

ఆ ముద్ర ఎంత నిజం? తెనాలి పటాన్ని పక్కన పెడితే, చీలికకు మూలం నెహ్రూ ప్రభుత్వంతో పార్టీ ఏ సంబంధం పెట్టుకోవాలన్న ప్రశ్న. బూర్జువా వర్గంతో కలిసి నడవాలా, దానికి ప్రత్యామ్నాయాన్ని నిర్మించాలా అన్నది చర్చ. 1967 ఆగస్టులో మదురైలో సమావేశమైన మార్క్సిస్టు పార్టీ కేంద్ర కమిటీ చైనా పార్టీ జోక్యాన్ని బహిరంగంగా విమర్శించింది. ఆ సైద్ధాంతిక వివాదాన్ని నడపడంలో బసవపున్నయ్య పాత్ర ప్రధానం. 1951లో చైనా పంథాను సమర్థించడానికి మాస్కో వెళ్లిన ఇద్దరూ 1967 నాటికి వేర్వేరు పార్టీల్లో ఉంటూనే పెకింగ్‌తో విభేదించారు. వారిలో ఎవరూ ఆంధ్ర లేఖలోని రైతాంగ విశ్లేషణను మొత్తంగా వదులుకోలేదు. వారు వదులుకున్నది ఒక రాజ్యం నాయకత్వాన్ని. ఈ తేడాను గుర్తించకపోతే రాజేశ్వరరావు జీవితం పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది. గుర్తిస్తే, ఆయన మారినదానికన్నా చైనా అన్న పేరుకు అర్థం మారడమే ఎక్కువని తెలుస్తుంది.

ఈ చీలిక డెల్టా పల్లెల్లో ఎలా అనుభవమైందన్నది వేరే కథ. సాయుధ పోరాట కాలంలో ఒకే అజ్ఞాత స్థావరంలో ఉన్న కుటుంబాలు రెండు పార్టీలుగా విడిపోయాయి. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభయ్యేళ్లు పైబడిన వయసులో 2012లో ప్రచురించిన ఆత్మకథ ‘నిర్జన వారధి’ ఈ చరిత్రకు ఇంటి వైపు నుంచి లభించే అరుదైన సాక్ష్యం. సరిహద్దు తగవులు, అంతర్జాతీయ వివాదాలు ఒక స్త్రీ జీవితంలో ఒంటరితనంగా, బిడ్డల ఎడబాటుగా ఎలా అనువాదమయ్యాయో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. పార్టీ తీర్మానాల్లో ఆ లెక్క కనపడదు.

1967–1980: డెల్టా విడిచిన పంథా

నక్సల్బరీ ఘటనల తరువాత 1967 జులై 5న పెకింగ్ ‘పీపుల్స్ డైలీ’ దానిని భారతదేశంపై వసంత మేఘగర్జనగా కీర్తించింది. చైనా రాజ్యం ఒక భారతీయ వర్గానికి బహిరంగంగా ప్రోత్సాహం ఇవ్వడం అదే మొదలు. 1968 జనవరిలో పాలకొల్లులో సమావేశమైన ఆంధ్ర మార్క్సిస్టు పార్టీ ప్లీనం కేంద్ర నాయకత్వపు సైద్ధాంతిక ముసాయిదాను తిరస్కరించింది. ఏప్రిల్‌లో బర్ద్వాన్ ప్లీనం తరువాత తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య ప్రభృతులు వేరుపడ్డారు. అయితే చైనా అధ్యక్షుడే మా అధ్యక్షుడన్న చారు మజుందార్ నినాదాన్ని నాగిరెడ్డి వర్గం స్వీకరించలేదు. 1970లో పెకింగ్ వెళ్లిన సౌరేన్ బోస్‌కు స్వయంగా చౌ ఎన్‌లై ఆ నినాదం సరికాదని చెప్పినట్లు తరువాత వెల్లడైంది. 1971లో తూర్పు పాకిస్తాన్ సంక్షోభంలో చైనా పాకిస్తాన్ సైనిక పాలకుల పక్షాన నిలిచింది. 1972లో నిక్సన్‌కు ఆతిథ్యం ఇచ్చింది. 1976లో భారత్–చైనాలు మళ్లీ రాయబారులను నియమించుకున్నాయి. 1979 ఫిబ్రవరిలో చైనా సైన్యం సోషలిస్టు వియత్నాంపై దండెత్తింది. ఈ పరిణామాల్లో ప్రతి ఒక్కటీ పొరుగు రాజ్యాలతో చైనాకున్న లెక్కల ఫలితమే.

1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య పీపుల్స్ వార్ పార్టీని స్థాపించేనాటికి మావో లేడు. 1978 డిసెంబరు తరువాత డెంగ్ సియావోపింగ్ నాయకత్వంలో చైనా వేరే దారి పట్టింది. ప్రజా కమ్యూన్ల స్థానంలో కుటుంబాలవారీ కౌలు వ్యవస్థ రాసాగింది. అంటే సీతారామయ్య ఎంచుకున్న చైనాకు రాజ్యం అండ లేదు. 1948లో మాదిరిగానే అది మళ్లీ పుస్తకంలోని చైనా. వెన్నుదన్ను లేదని ఎరిగినందువల్లనే ఆ పార్టీ తన స్థావరాన్ని డెల్టాలో కాక ఉత్తర తెలంగాణలో, దండకారణ్యంలో వెతుక్కుంది. అడవిని వెన్నుదన్నుగా ఎంచుకుంది. ఈ విధంగా స్టాలిన్ లేవనెత్తిన భూగోళ ప్రశ్నకు రాజేశ్వరరావు పోరాట విరమణతోను, సీతారామయ్య ప్రాంతం మార్పుతోను జవాబు చెప్పారు. జవాబులు వేరైనా ప్రశ్న ఒకటే.

భాషలో మిగిలిన జాడ

తెలుగు సాహిత్యంలో చీనా ఒకప్పుడు వస్త్రం పేరు. చీనాంబరం రాజదర్బారుల వర్ణనల్లో కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగానికి చైనా ఒక ‘మార్గం’గా, ‘పంథా’గా మారింది. దారి అనే సామాన్యార్థం నుంచి రాజకీయ విధానం అనే పారిభాషికార్థానికి పంథా శబ్దం స్థిరపడడం ఈ వాదోపవాదాల్లోనే జరిగింది. నూతన ప్రజాస్వామ్యం, దీర్ఘకాల ప్రజాయుద్ధం, ధనిక రైతు, స్థావర ప్రాంతం వంటి పదబంధాలు పార్టీ పత్రాల ద్వారా వార్తాపత్రికల్లోకి, అక్కడి నుంచి కథలు, నవలల్లోకి వచ్చాయి. 1962లో అదే చైనా పక్కన దురాక్రమణ అన్న మాట చేరింది. 1952లో వెలువడిన ‘విశాలాంధ్ర’ ఒక పార్టీతో మిగలగా, ‘ప్రజాశక్తి’ 1981లో దినపత్రికగా మరో పార్టీ పక్షాన పునఃప్రారంభమైంది. ఒకే ఉద్యమ పరిభాషను రెండు పత్రికలు వేర్వేరు అర్థాలతో వాడుకున్న తీరు భాషా పరిశోధకులు ప్రత్యేకంగా పరిశీలించదగిన అంశం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. దిగువ కృష్ణా డెల్టా నాయకులు చైనాను మొదట ఒక వర్గ విశ్లేషణ పద్ధతిగా స్వీకరించారు. చైనా రాజ్యమైన తరువాత దాని పొరుగు సంబంధాలు మారినప్పుడల్లా ఆ పద్ధతిపై నమ్మకం పరీక్షకు గురైంది. ఆ పరీక్షల్లో నాయకులు వేర్వేరు పక్షాలు వహించినా, వారందరినీ నిలదీసింది వెన్నుదన్ను అన్న ఒకే ప్రశ్న.

వీటికి తోడు మరొక చేదు వాస్తవాన్ని చెప్పవలసి ఉంది. చైనా పంథా ఆలోచన డెల్టాలో పుట్టింది. దాని ఆచరణ మాత్రం తెలంగాణ పల్లెలకు, శ్రీకాకుళం కొండలకు, దండకారణ్యానికి వెళ్లింది. నిర్బంధంలో డెల్టా కూడా మూల్యం చెల్లించింది. కాని దీర్ఘకాలం చెల్లించినవారు ఆ పత్రాలు రాయడంలో పాలుపంచుకోని గిరిజనులు, పేద రైతులు. చైనా పుస్తకంలో మొదట చదువుకున్న ప్రశ్న, అంటే కూలీకి భూమి దక్కే ప్రశ్న, డెల్టాలో చల్లపల్లి పొలాల చుట్టూ దశాబ్దాల పాటు నలుగుతూనే ఉంది. చైనా పక్షమా, రష్యా పక్షమా అన్న వివాదం ముదిరినకొద్దీ ఆ ప్రశ్న వెనక్కు జరిగింది.

ఇంతవరకు వెలువడిన చరిత్ర అధికభాగం నాయకుల పత్రాలు, ఆత్మకథల ఆధారంగా రాసినది. దివి, గుడివాడ, బందరు ప్రాంతాల వ్యవసాయ కూలీ కుటుంబాల్లో ఆ కాలాన్ని ఎరిగినవారు నానాటికి తగ్గిపోతున్నారు. చైనా అన్న మాట వారి చెవికి ఏ అర్థంతో చేరిందో, 1962లో వారి పేటల్లో ఏమి మాట్లాడుకున్నారో మౌఖికంగా సేకరించవలసిన అవసరం అత్యవసరంగా ఉంది. ఆ సాక్ష్యం చేరినప్పుడే డెల్టాలో చైనా చరిత్ర సమగ్రమవుతుంది.